సాయంత్రమైతే మనసు లాగేస్తోంది

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. గంజాయి మానేసి 12 రోజులైంది. చీకటి పడితే మనసు అటే లాగుతోంది. నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి? – ఓ పాఠకుడు

జవాబు: కష్టమైన మెట్టు ఎక్కేశారు బాబూ. మొదటి వారంలో ముదిరే చిరాకు, నిద్రలేమి చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. కొందరిని నిద్రలేమి మాత్రం ఇంకొన్నాళ్లు ఏడిపించవచ్చు. సొంతంగా నిద్రమాత్రలు కొనొద్దు, అదో కొత్త ఊబి.

ఆ లాగుడు సాధారణంగా అరగంటలోపే సద్దుమణుగుతుంది. ఆ అరగంటే గండం. ఆ వేళకి గంజాయి తాగిన పాత చోట్ల వైపు వెళ్లకుండా, అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయండి. చేతికి పని, పక్కన మనిషి, రెండూ ఉండాలి. గంజాయి ఇచ్చేవాళ్ల నంబర్లు ఇవాళే తీసేయండి. ఒకవేళ జారినా దాచకండి, మర్నాడే సైకియాట్రిస్టును కలవండి. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.