పైకప్పు మార్చేటప్పుడు వేడి సంగతి

(బి.ఎస్‌సి. ద్వితీయ సంవత్సర విద్యార్థి)

ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల పల్లెల్లో గూనపెంకుల ఇళ్ళు ఏటా తగ్గిపోతున్నాయి. వాసాలు పుచ్చి, కోతులు పెంకులు పీకి, వానొస్తే ఇల్లంతా గిన్నెలు పెట్టుకోవలసి వచ్చాక ఏ రైతైనా రేకులు వేయించక ఏం చేస్తాడు? మా ఇంట్లోనూ అదే జరిగింది. "ఉరవకుంటె సాలు బిడ్డా" అన్నాడు మా నాయిన. ఉరవడం ఆగింది. కాని ఆ ఎండాకాలం మా నాయనమ్మ పగలు ఇంట్లో పడుకోలేక వేపచెట్టు కిందికి మంచం మార్చింది. తాత కట్టిన ఇంట్లో లేని ఉడుకు కొత్త కప్పు కిందికి ఎక్కడినుండి వచ్చింది? జవాబు మన భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

పాత ఇంటి కిటుకు

పాత ఇంట్లో పెంకుకూ మనకూ మధ్య అటక ఉండేది. అది వేడిని అడ్డుకునేది. పెంకుల సందులు వేడి గాలిని సాగనంపేవి. రేకులు వేసినప్పుడు మనం వాన సందులతోపాటు గాలి సందులనూ మూసేశాం. అటకను పాత కర్రతోపాటు తీసేశాం.

చిన్న లెక్క

మే నెల ఎండకు రేకు అడుగుభాగం 60 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరిందనుకుందాం. స్టీఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం ఆ ఉష్ణోగ్రత వద్ద కృష్ణవస్తువు చదరపు మీటరుకు సుమారు 698 వాట్లు వెలువరిస్తుంది. 35 డిగ్రీల వద్ద ఉన్న మన చర్మం తిరిగి వెలువరించేది 511. తేడా 187 వాట్లు. మధ్యలో అటక ఉండి, దాని అడుగు 40 డిగ్రీలే ఉంటే ఆ తేడా 34 వాట్లకు దిగుతుంది. సిమెంటు రేకు ఈ విషయంలో కృష్ణవస్తువుకు దగ్గరే కనుక లెక్క మరీ తప్పదు. ఫ్యాను గాలిని కదపగలదు గాని, ఈ వికిరణాన్ని ఆపలేదు.

కప్పు విప్పినప్పుడు చేయవలసినవి

1. గాలికి దారి: 50 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలికన్న దాదాపు 5 శాతం తేలిక, అది పైకే పోతుంది. కనుక కొప్పు దగ్గర బయటికి పోయే సందు, చూరు దగ్గర లోనికి వచ్చే సందు రెండూ ఉండాలి. ఒక్కటి ఉంటే గాలి నడవదు. సందులకు జాలీ, కొప్పు సందుపై వాన పడకుండా మూత తప్పనిసరి.

2. అడ్డుపొర: రేకు కింద జానెడు ఖాళీ వదిలి తడకగాని, చెక్కగాని కొట్టించాలి. దానిపై అల్యూమినియం రేకు కాగితం పరిస్తే మరీ మంచిది. అయితే మెరిసే వైపు ఖాళీ గాలికి ఎదురుగా ఉండాలి. రేకుకు అంటించేస్తే ఫలితం పోతుంది. కరెంటు తీగలకు అది తగలరాదు. పొయ్యి ఉన్న ఇంట్లో గడ్డి, థర్మోకోల్ వద్దు, నిప్పు భయం.

3. పైన తెలుపు: తెల్లని కప్పు ఎండను తిప్పి పంపుతుంది. హైదరాబాదు దేవరకొండ బస్తీలో 2017లో ఇళ్ళపై తెల్లని పొర పరచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పులకు ఒక విధానమే ప్రకటించింది. సున్నమైనా పనిచేస్తుంది, ఏటా వేయాలి.

4. ఒక హెచ్చరిక: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణం. పగలగొట్టక, కోయక, నీళ్ళతో తడిపి నిండు రేకుగానే దించాలి.

విత్తనానికి అదను ఉన్నట్టే ఈ పనులకూ అదను ఉంది: కప్పు విప్పిన రోజులే. అప్పుడైతే నిచ్చెనా మేస్త్రీ ఇంటిముందే ఉంటారు. తరువాతైతే అంతా రెండో ఖర్చు. మా ఇంట్లో ఆ అదను తప్పింది. మా పెదనాయన మాత్రం వచ్చే మార్చిలో తన ఇంటి కప్పు విప్పుతున్నాడు. కొలతల కాగితం ఇప్పటికే ఆయన చేతిలో పెట్టాను.