ఆత్మత్యాగము: దండము, నిదానము

ధర్మశాస్త్రములు ఆత్మత్యాగమును పాతకముగా గణించినవి. ఆత్మత్యాగులకు ఉదకక్రియ లేదని మనుస్మృతి పంచమాధ్యాయము చెప్పుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము చతుర్థాధికరణమున, కామక్రోధవశులై ప్రాణము తీసికొన్నవారి శవమును రాజమార్గమున ఈడ్పింపవలెననియు, శ్మశానవిధి కూడదనియు శాసించినది.

అయినను పరాశరస్మృతి చతుర్థాధ్యాయారంభమున ఇందుకు హేతువులు కలవు: అతిమానము, అతిక్రోధము, స్నేహము, భయము. నాలుగును చిత్తవికారములే. నిదానము తెలిసియు స్మృతికర్త చికిత్స చెప్పలేదు, దుర్గతినే చెప్పెను. మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు సంవత్సరానంతరము నారాయణబలి జరిపి ఔర్ధ్వదైహికము చేయవచ్చునని బంధువులకు దారి చూపెను.

1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నమును దండార్హమే చేసినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను మాత్రము, అన్యథా రుజువు కానంతవరకు, యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావింపవలెననియు, వారి సంరక్షణ, చికిత్స, పునరావాసములు ప్రభుత్వ బాధ్యత యనియు నిర్దేశించినది. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309వ సెక్షను చోటు చేసికొనలేదు. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేయు యత్నము మాత్రమే నేరముగా మిగిలినది.

కావున ఈ అధ్యాయములను పాఠము చెప్పువారు దండవాక్యముతోబాటు హేతువాక్యమును గూడ వివరింపవలెను. వినువారిలో అట్టి దుఃఖము ననుభవించిన యింటి బిడ్డ యుండవచ్చును. తానే ఆ భయమున నున్న విద్యార్థియు నుండవచ్చును.