ఉదరమందలి ఉపకారులు

సూక్ష్మజీవులనగానే మనకు కలరా, టైఫాయిడు, క్షయ మున్నగు వ్యాధులే స్ఫురించును. చేతులు కడుగుకొనుడనియు, నీరు కాచి త్రాగుడనియు మేము పాఠశాలలో నిత్యము చెప్పుచుండుట ఆ శత్రువులనుండి మిమ్ము కాపాడుటకే. ఆ బోధ విడువదగినది కాదు. కాని కొన్ని శత్రువులైనంతమాత్రమున ఆ జాతి యంతయు శత్రుజాతి యనుట న్యాయము గాదు. మన శరీరముననే నివసించుచు, మనమెఱుగకయే మనకు సేవచేయు సూక్ష్మజీవులు అసంఖ్యాకములుగా కలవు. అవి చేయు పని యెట్టిదో, వానిని మనము చేజేతుల నెట్లు పోగొట్టుకొనుచున్నామో తెలుపుటకే యీ వ్యాసము.

మొదట మన రామగుండము, గోదావరిఖని నేలక్రింద నున్న బొగ్గును తలచుకొందము. 25 కోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున ఈ గోదావరిలోయయందలి చిత్తడినేలలలో చెట్లుచేమలు కూలి నీట మునిగినవి. సాధారణముగా రాలిన యాకును, కూలిన మానును సూక్ష్మజీవులు కుళ్లజేసి మట్టిలో కలిపివేయును. గాలి చొరని ఆ బురదలో వానికా పని పూర్తిచేయుట సాధ్యము కాలేదు. అట్లు మిగిలిన పదార్థమే ఒత్తిడికిని వేడిమికిని లోనై బొగ్గయ్యెను. సూక్ష్మజీవుల పని సాగనిచో నేమగునో ఆ బొగ్గుపొరలే సాక్ష్యము చెప్పుచున్నవి. వాని పని చక్కగా సాగుచో నేమగునో తెలిసికొనుటకు మన కడుపునే చూడవలెను.

2016వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్కనుబట్టి, 70 కిలోగ్రాముల బరువుగల మనుష్యుని దేహమున సుమారు 30 లక్షల కోట్ల జీవకణములుండగా, అతనియందు నివసించు బాక్టీరియములు సుమారు 38 లక్షల కోట్లు. వాని మొత్తము బరువు పావుకిలోకు లోపే. వానిలో అధికభాగము పెద్దప్రేగునందే యున్నవి. అచ్చట గాలి మిక్కిలి తక్కువ. అయినను ఆ చోటికి తగిన జీవులే యచట వృద్ధిబొందుచున్నవి.

వాని సేవలు ముఖ్యముగా మూడు. మొదటిది, మనము జీర్ణించుకొనలేని పీచుపదార్థమును అవి పులియజేసి బ్యుటిరిక్ ఆమ్లము మున్నగువానిని తయారుచేయును. పెద్దప్రేగు లోపలిపొరయందలి కణములకు ఇదియే ముఖ్యాహారము. రెండవది, కె విటమినును, ఫోలిక్ ఆమ్లము మున్నగు కొన్ని బి విటమినులను అవి తయారుచేయును. మూడవది, చోటును ఆహారమును తామే ఆక్రమించుకొని, రోగకారకములైన జీవులకు నిలువనీడ లేకుండ జేయును. తల్లిపాలలో శిశువు జీర్ణించుకొనలేని చక్కెరలు కొన్ని కలవు. అవి శిశువు కొఱకు గాక, శిశువు ప్రేగులందలి బిఫిడో బాక్టీరియముల కొఱకు ఉద్దేశింపబడిన యాహారమని నేడు తెలిసినది. బిడ్డతోబాటు బిడ్డకు సేవచేయువానిని గూడ పోషించు ఆ యేర్పాటును తలచినపుడు సృష్టికర్త వివేకమునకు నమస్కరింపక యుండలేము.

ఈ విషయమున తెలుగువారొకరి చరిత్ర మనకు గొప్ప పాఠము. యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వారి సోదరులిద్దరు స్ప్రూ యను ప్రేగులవ్యాధిచే మరణించిరి. వారును అదే వ్యాధి వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. ఈ వ్యాధియందు చిన్నప్రేగులో ఉండదగనన్ని బాక్టీరియములు చేరును. ప్రేగు లోపలిపొర చెడును. తిన్న యన్నము ఒంటబట్టదు. విరేచనములును రక్తహీనతయు రోగిని క్రుంగదీయును. పెద్దప్రేగునందు హాని చేయని జీవులే చిన్నప్రేగున పెచ్చుపెరిగినచో అపకారులగునని దీనివలన గ్రహింపవలెను.

సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ యను మందుల సంస్థలో చేరిరి. అచ్చట వారి బృందము ఫోలిక్ ఆమ్లము కొఱకు శ్రమించెను. రక్తకణముల వృద్ధికి ఈ విటమిను అత్యవసరము. ఇది ఆకుకూరలలో విశేషముగా నుండుటచే ఆకు అను నర్థముగల లాటిను మాటనుండి దీనికా పేరు వచ్చినది. కంటికి కనబడని దీనిని వెదకుటెట్లు? పాలను పులియజేయు లాక్టోబాసిల్లస్ జాతిలో నొక బాక్టీరియము ఈ విటమిను లేనిదే పెరుగదు. కావున ఏ పదార్థపు సారము వేసినపుడు ఆ జీవి వృద్ధిచెందునో, ఆ సారములో విటమిను కలదని తెలియును. అల్పమైన యా జీవియే పరిశోధకుల చేతిలో త్రాసు అయ్యెను. 1945లో వారు ఆ విటమినును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమయ్యెను.

ఆ సంస్థయందే, సుబ్బారావుగారి పర్యవేక్షణమున, బెంజమిన్ డగ్గర్ గారు పొలపు మట్టియందలి యొక బాక్టీరియము నుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనిరి. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇదియే మొదటిది. 1948లో ఇది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున పరమపదించిరి. తమ సోదరులను బలిగొన్న వ్యాధికి నేడు వైద్యులిచ్చు మందులు రెండు: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. మొదటిది వారి ప్రయోగశాల నుండి వచ్చినదే; రెండవదాని వర్గమున మొదటి మందును అచ్చటినుండి వచ్చినదే.

అయితే యాంటీబయాటిక్ మందు రెండువైపుల పదునుగల కత్తి. అది రోగకారకమును చంపుటతో తృప్తిపడక, ప్రేగులందలి ఉపకారులను గూడ చంపును. కావుననే అట్టి మందు మ్రింగినవారిలో కొందఱికి విరేచనములగుచుండును. ఒక్కొక్కప్పుడు ఖాళీయైన చోటున క్లాస్ట్రిడియం జాతికి చెందిన చెడు బాక్టీరియము చేరి ప్రాణాపాయము గూడ కలిగించును. జలుబు వైరసువలన కలుగునది. దానిపై యాంటీబయాటిక్కులు పనిచేయవు. అయినను డ్యూటీ తప్పిన జీతము తగ్గునని, వైద్యునికి చూపకయే మందుల దుకాణమున గోళీలు కొని మ్రింగువారు కలరు. వారు జలుబును పోగొట్టుకొనజాలరు. మిత్రులను మాత్రము పోగొట్టుకొందురు. వైద్యుడు అవసరమని వ్రాసినపుడు మాత్రము మందును ఆయన చెప్పినంతకాలము తప్పక వాడవలెను. ప్రాణము నిలుపునదియు ఆ మందే.

ఇక ఈ ఉపకారులకు మనము పెట్టదగిన భోజన మెయ్యది? బొగ్గుబాయికి పోవువారి సద్దిలో పూర్వమునుండి యున్న జొన్నరొట్టె, పప్పు, తోటకూర, అంబలి మున్నగునవే. వీనిలోని పీచు వానికి విందు. పెరుగు, చల్ల గూడ మేలైనవే. 1908లో నోబెలు బహుమానమందిన మెచ్నికోవ్ పండితుడు పులిసిన పాలను మిక్కిలి మెచ్చుకొనెను. పాలు పడనివారిలో అనేకులకు పెరుగు సులభముగా జీర్ణమగును. అట్లని పెరుగు సర్వరోగనివారిణి యని భ్రమింపరాదు. నానావిధములైన ధాన్యములు, పప్పులు, కూరలు, పండ్లు తినుటయే ప్రధానము.

విద్యార్థులారా! మీ తల్లిదండ్రులు భూగర్భమున నొకరినొకరు నమ్ముకొని పనిచేయుచున్నారు. ప్రక్కవాని ప్రాణము తమ ప్రాణమని వారెఱుగుదురు. మన యుదరమందలి యీ చిన్న కార్మికులతోడి సంబంధమును అట్టిదే. చేతులు కడుగుకొనుడు, శుద్ధమైన నీరే త్రాగుడు, ఆకుకూర వడ్డించినపుడు ముఖము త్రిప్పుకొనకుడు, ఇంట నెవరైన వైద్యుని యడుగక యాంటీబయాటిక్ గోళీలు కొనబోయినచో, మీరు చదువుకొన్న యీ సంగతిని వినయముతో వారికి చెప్పుడు. చదివినది ఇంటికి మేలుచేసిన నాడే విద్య సార్థకమగును.