పాత భయానక చిత్రములు: డిస్కులందు రూపమును, ధ్వనిని పరీక్షించు విధము



పాత చలనచిత్రములను డిస్కులపై తెచ్చుకొని చూచుట చాలకాలముగా నున్న యలవాటు. ఒకే చిత్రము పలు డిస్కులుగా, పలు వెలలకు దొరకును. వానిలో ఏది మేలైనది? ఈ ప్రశ్నకు మేమే యొకప్పుడు తప్పు ప్రత్యుత్తర మిచ్చితిమి. ఆ తప్పును దిద్దుకొన్న విధమే నేటి పాఠము.

భయానక చిత్రములను గూర్చి పాఠశాలలో చెప్పనేల యని తల్లిదండ్రులు శంకింపవచ్చును. దయ్యములను నమ్మించుట మా యుద్దేశము గాదు. అట్టి చిత్రములను చిన్నపిల్లలకు చూపరాదనియే మా యభిప్రాయము. అయినను చీకటి, నీడ, నిశ్శబ్దము అను మూడింటి బలము చేతనే యీ చిత్రములు నడచును. చెడ్డ ప్రతిలో మొట్టమొదట చెడునవియు ఈ మూడే. కావున కంటికిని చెవికిని పరీక్ష నేర్పుటకు ఇవి తగిన సాధనములు.

మా తప్పు

1922లో జర్మనీ దేశమున ఎఫ్. డబ్ల్యు. మర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’ అను మూకీ చిత్రమునందలి కొన్ని ఘట్టములను పై తరగతులవారికి రెండు డిస్కులనుండి చూపితిమి. మొదటి డిస్కులో బొమ్మ తెలుపు నలుపులతో మిక్కిలి ప్రకాశముగా నుండెను. రెండవదానిలో అంతటి వెలుగు లేదు. కొన్నిచోట్ల నీలముగాను, కొన్నిచోట్ల పసుపుగాను నుండెను. “మొదటిదే మేలు, రెండవది రంగు మాసినది” అని మేము తీర్పు చెప్పితిమి.

అప్పుడు కుప్పమునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బాలుడొకడు లేచి, “అయ్యా, సూర్యకాంతి సోకిన నశించునట్టి పిశాచము పట్టపగలు శవపేటికను మోసికొని వీధిలో నెట్లు తిరుగుచున్నది?” అని యడిగెను. మాకు జవాబు తోచలేదు. “రేపు చెప్పెదము” అని పాఠము ముగించితిమి.

విచారింపగా తెలిసిన దిది. ఆ కాలపు ఫిలిమునకు చీకటిలో దృశ్యమును గ్రహించు శక్తి చాలదు. కావున రాత్రి ఘట్టములను పగటివేళనే తీసి, ప్రదర్శన ప్రతికి నీలపు రంగు నద్దెడివారు. నీలము రాత్రికి, పసుపు దీపపు వెలుగునకు, గులాబి వేకువకు గుర్తులు. ఈ చిత్రము బ్రామ్ స్టోకరు వ్రాసిన ‘డ్రాకులా’ నవలను అనుమతి లేక యనుసరించినది. అతని భార్య వ్యాజ్యెము వేయగా, 1925లో న్యాయస్థానము ప్రతులనన్నిటిని నాశనము చేయుమని తీర్పు చెప్పెను. పరదేశములకు పోయిన ప్రతులు కొన్ని మిగిలినవి. తరువాత రంగు లేక యెత్తిన నకళ్లు లోకమంతట వ్యాపించినవి. 2005-06 ప్రాంతమున, మర్నౌ పేర వెలసిన జర్మను సంస్థ 1922 నాటి రంగుగల ఫ్రెంచి ప్రతిని ఆధారముగా గొని చిత్రమును పునరుద్ధరించెను.

మేము మాసినదన్న రంగే కర్త యుద్దేశించిన రంగు. మేము మెచ్చిన వెలుగే లోపము. మఱునాడు తరగతి యంతటి యెదుట ఈ సంగతి నొప్పుకొంటిమి.

రూప పరీక్ష

మొదట మూలమును విచారింపవలెను. డీవీడీ యందు బొమ్మకు 480 గాని 576 గాని గీతలుండును. బ్లూ-రే యందు 1080 ఉండును. అయితే గీతలు హెచ్చినంత మాత్రమున బొమ్మ మేలు గాదు. అరిగిన ప్రింటునుండి యెత్తినచో, 1080 గీతలు ఆ గాట్లనే మఱింత స్పష్టముగా చూపును. 1968లో జార్జి రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రమునకు పేరు మార్చునపుడు హక్కుల ప్రకటన జారిపోయినది. నాటి యమెరికా చట్టము ప్రకారము హక్కులు పోయినందున, ఎవరు పడిన వారు దానిని అచ్చువేసిరి. చెడ్డ ప్రతులు లెక్కకు మిక్కిలి యాయెను. అసలు నెగటివునుండి పునరుద్ధరించిన డిస్కు 2018లో వెలువడినది. కావున డిస్కు పెట్టెపై ‘నెగటివునుండి’ అను మాట యున్నదేమో చదువుడు.

రెండవది నీడ. ఎక్సురే ఫిలిమును చూచు వైద్యుడు లేతనీడకును ముదురునీడకును గల భేదమును బట్టియే రోగమును గుర్తించును. ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయమును ఎఱిగిన మదనపల్లె వారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. నల్లని కోటు ధరించినవాడు చీకటిగదిలో నిలిచినపుడు, కోటు మడతలు కనబడుచున్నవా? కనబడక అంతయు నొకే నలుపైనచో ప్రతి చెడినది. చీకటి యంతయు బూడిదవలె వెలిసినను చెడినదే.

మూడవది కణము. ఫిలిములో సన్నని యిసుకవంటి కణములు సహజముగ నుండును. కుప్పము ప్రాంతపు గ్రానైటు రాతికి మెఱుగు పెట్టుట దానిలోని కణముల వన్నె తెచ్చుటకే గాని మాపుటకు గాదు. కణములను యంత్రముచే తుడిచివేసిన ప్రతిలో ముఖములు మైనపు బొమ్మలవలె నుండును.

నాలుగవది చట్రమును వేగమును. పాత చిత్రముల చట్రము ఇంచుమించు చదరముగ నుండును. మన వెడల్పు టెలివిజను నిండునట్లు దానిని సాగదీసిన ముఖములు లావగును. కత్తిరించిన తలలు తెగును. టాకీలు సెకనునకు 24 బొమ్మల చొప్పున నడచును. మూకీలు పెక్కు ఇంతకంటె మెల్లగ నడచెడివి. వానిని 24 చొప్పున నడపిన మనుష్యులు ఉఱుకుచున్నట్లు తోచి, భయమునకు బదులు నవ్వు వచ్చును.

ధ్వని పరీక్ష

1931 నాటి ‘డ్రాకులా’ టాకీలో సంగీతము మిక్కిలి తక్కువ. నిశ్శబ్దమే అందలి భయము. ఆ నిశ్శబ్దమున సన్నని ‘సర్’ మను చప్పుడు వినవచ్చును. అది నాటి ధ్వనిముద్రణ స్వభావము. దానిని పూర్తిగా తీసివేయబోయిన, మాటలలోని పదునును దానితో పోవును. ఇందుకొక సులభ పరీక్ష కలదు. వ్యాకరణమున ఊష్మములని చదివిన శ, ష, స అక్షరములను ఆలకింపుడు. అవి మొద్దుబాఱినచో ధ్వనిని మితిమీఱి తోమిరని యెఱుగుడు. 1999లో ఫిలిప్ గ్లాసు ఈ చిత్రమునకు క్రొత్త సంగీతము కూర్చెను. అది వినదగినదే, కాని అసలు ధ్వని యేదియో తెలిసి వినవలెను.

మన చిత్రములు

ఈ పరీక్ష మన చిత్రములకును చెల్లును. ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుని వేషమున ఎస్. వి. రంగారావు గారు కనబడు ఘట్టములను, మార్కస్ బార్ట్లే పట్టిన వెలుగు నీడలను ఇట్లే పరీక్షింపవచ్చును. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులతోను, పలు దిక్కుల వినవచ్చు ధ్వనితోను మరల వెలువడినది. దానిని మేము నిందింపము. ఎందఱో సంతోషముతో చూచిరి. అయితే పునరుద్ధరణము వేఱు, నూతనాలంకారము వేఱు. తెలుపు నలుపుల ప్రతి యుండినప్పుడే ఆ భేదము మనకు తెలియును. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రతి నేడు లేదు. దానిని గూర్చి మేలనుటకు గాని కీడనుటకు గాని మనకు సాధనమే లేదు.

ముగింపు

పుంగనూరు ఆవును ఎఱిగినవాడు అది పొట్టిదని త్రోసివేయడు. ఆ పొట్టితనమే దాని జాతి లక్షణము. అట్లే పాత చిత్రమును క్రొత్తదానివలె మెఱయుచున్నదా యని గాక, తన స్వరూపముతో నున్నదా యని చూడవలెను. చెడ్డ నకలును చూచి కర్తను నిందించుట అన్యాయము. మనుష్యులను గూర్చి విన్న మాటల విషయమునను ఇంతే: మూలమును విచారింపక తీర్పు చెప్పకుడు.

అభ్యాసము: మీ యింటనున్న పాత చిత్రములలో నొకదానినుండి రాత్రి ఘట్టము నొకటి యెన్నుకొని, మూలము, నీడ, కణము, చట్రము, ధ్వని అను నైదింటిని గూర్చి యొక్కొక్క వాక్యము వ్రాయుడు.