నల్లరేగడి దారిలో ఒక పగలు: చిరంజీవికి సూచనలు



గుంటూరు నుండి ఉదయం బయలుదేరి, పల్లెలు చూసుకుంటూ ఒంగోలు చేరి, అదే రాత్రికి తిరిగి రావాలన్న చిరంజీవి తలంపు పెద్దలకు సంతోషమే గాని, పోయేటప్పుడు కూడా జాతీయ రహదారినే పట్టుకోవడం వారికి నచ్చలేదు. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా సాగే ఆ దారి ఊళ్ళను పక్కన పెట్టి పోతుంది. అందుచేత వెళ్ళేటప్పుడు నరసరావుపేట, సంతమాగులూరు, అద్దంకి మీదుగా వెళ్ళి, వచ్చేటప్పుడు మాత్రమే రహదారి ఎక్కడం మేలు.

కాలం ఎంచుకోవడం దారిని ఎంచుకోవడం కన్నా ముఖ్యం. మాఘ ఫాల్గుణ మాసాలలో మిరప కోతలు ముమ్మరంగా ఉంటాయి, పత్తి చేలలో చివరి తీతలు సాగుతుంటాయి. వానాకాలంలో ఈ దారిన వెళ్ళేవారు తారు రోడ్డు దిగరాదు. నీరు తగిలితే ఉబ్బి, ఎండకు బీటలు వారే నల్లరేగడి, అనగా పత్తికి పేరుపడిన ఈ నల్లని బంకనేల, కారు చక్రాన్ని పట్టుకుంటే ట్రాక్టరు వచ్చేదాకా వదలదు.

శని, ఆదివారాలు సెలవు గనుక మరేదైనా పనిదినాన ముందుగా గుంటూరు మిర్చి యార్డు చూడాలి. అక్కడ టిక్కీలు, అనగా కాయలు కుక్కి నింపిన గోనె బస్తాలు, వరుసలు తీరి ఉండగా కొనుగోలుదారులు గుప్పెడు కాయలు తీసి రంగు, ఎండు, తాలు చూసి ధర చెబుతారు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. అది ఎక్కువైతే ధర తెగుతుంది. సన్నం, తేజ అనే మిరప రకాలకు గల తేడా అక్కడి హమాలీని అడిగితే పుస్తకాల కన్నా బాగా చెబుతాడు.

యార్డులో చూసిన సరుకు పుట్టుక నరసరావుపేట దాటాక కళ్ళాలలో కనిపిస్తుంది. పరచిన కాయలను రోజూ తిరగవేస్తూ, తలకు గుడ్డ చుట్టుకున్న స్త్రీలు బారులుగా కూర్చుని తాలు ఏరుతుంటారు. వారిలో కర్నూలు పల్లెల నుండి కోతలకు వలస వచ్చినవారూ ఉంటారు. ఘాటుకు కొత్తవారికి దగ్గు ఆగదు. కళ్ళంలోకి చెప్పులతో అడుగు పెట్టరాదు, అడగకుండా ఫొటో తీయరాదు. రైతును ఎకరానికి ఎంత మిగిలిందని అడగడం కన్నా, ఎన్ని కోతలయ్యాయని అడగడం మర్యాద, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు తరచుగా అప్పు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరెత్రాయిడ్ మందులను అతిగా చల్లడం వల్ల దోమ తగ్గకపోగా పెరిగింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి తోటలను పాడుచేసింది. భూమి సొంతం కాక, యజమానికి ముందే కౌలు కట్టి సాగుచేసేవారికి ఇటువంటి ఏడాది రెండింతల దెబ్బ. రోడ్డు మీది నుండి ఎర్రని తివాచీలా అందంగా కనిపించే కళ్ళాన్ని ఈ లెక్కతో కలిపి చూడనివారు సగమే చూసినట్లు.

నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ శివరాత్రి నాడు ప్రభలతో, అనగా అలంకరించిన ఎత్తయిన చట్రాలతో, చూడదగినదే గాని, జనం రద్దీ వల్ల ఆ రోజున ఒంగోలు చేరాలన్న ఆశ వదులుకోవాలి.

అద్దంకిలో ఆగడం తప్పనిసరి. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనం, క్రీ.శ. 848 ప్రాంతానిది, తరువోజ అనే దేశి ఛందస్సులోని తెలుగు పద్యంతో ప్రసిద్ధికెక్కింది. పన్నెండు బోయ కొట్టములను అతడు గెలిచిన విషయం అందులో ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డికి రాజధాని కూడా ఈ ఊరే. అయితే పండరంగడు గానీ వేమారెడ్డి గానీ మిరపకాయ రుచి ఎరుగరు. పోర్చుగీసువారి రాక తరువాతనే అమెరికా ఖండాల నుండి అది ఈ దేశానికి వచ్చింది గనుక, వారి పులుసులో కారమంతా మిరియాలదే.

ఒంగోలు నుండి పొద్దుండగానే బయలుదేరాలి. చీకటి పడ్డాక పల్లె దారులలో పత్తి బోరేలు (పెద్ద సంచులు) ఎత్తుగా వేసుకున్న ట్రాక్టర్లకు వెనుక దీపం ఉండదు. తిరుగు ప్రయాణానికి రహదారిని సూచించడంలో పెద్దల ఉద్దేశం అదే.