శాట్ సబ్జెక్ట్ టెస్టుల్లో ఏవి రాయించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చదవాలంటోంది. శాట్ సబ్జెక్ట్ టెస్టుల్లో ఏవి ఎంచుకోవాలి?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: వాటికోసం ఎక్కడైనా కోచింగ్ ఫీజు కట్టబోతుంటే వెంటనే ఆగండి. ఆ టెస్టులను కాలేజ్ బోర్డు 2021లోనే ఎత్తేసింది. మామూలు శాట్ మాత్రం ఉంది. ఎంఐటీ లాంటి చోట్ల శాట్ గానీ ఏసీటీ గానీ తప్పనిసరి.

సబ్జెక్టులో పట్టు చూపించుకోవడానికి ఇప్పుడున్న దారి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. ఎక్కువ యూనివర్సిటీలు వీటిని తప్పనిసరి చేయలేదు. రాయిస్తే నా మొదటి ఓటు కాలిక్యులస్ బీసీకే. అవధులు, అవకలనం ఆమె ఈ ఏడాదే చదువుతుంది. చిక్కంతా మిగతా వాటితోనే. సమాకలనం ఇంటర్ రెండో ఏడాదిలో గానీ రాదు, టేలర్ శ్రేణులైతే విడిగా నేర్చుకోవాల్సిందే. జేఈఈకి గట్టిగా చదువుతుంటే ఫిజిక్స్ సి మెకానిక్స్ కూడా అందుతుంది. కంప్యూటర్ సైన్స్ ఏ పరీక్ష జావాలో ఉంటుంది, కోడింగ్ ఇష్టమైతేనే దాని జోలికి వెళ్లండి.

ఈ పరీక్షలు ఏడాదికి ఒక్కసారే, మే నెలలో జరుగుతాయి. పేరున్న యూనివర్సిటీల దరఖాస్తు గడువు చాలావరకు జనవరి మొదట్లోనే ముగుస్తుంది. అంటే రెండో ఏడాది మేలో రాస్తే ఆ మార్కులు అడ్మిషన్‌కు అక్కరకు రావు. ఈ మేలోనే రాయాలి. అందుకు సెంటరున్న స్కూల్లో నెలల ముందే రిజిస్టర్ అయి ఉండాలి. అది కుదరకపోతే దిగులు పడకండి. హడావుడిగా రాయించి తక్కువ స్కోరు తెచ్చుకోవడం కంటే ఇంటర్ మార్కులు, శాట్ మీద ఆమెను నిలకడగా చదువుకోనివ్వండి.