ఇంటి దీపం – నోటి పాట : మన భక్తి సంపదను నిలుపుకునే దారి

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు



పండుగలు వరుసగా వచ్చే ఈ రోజుల్లో బ్రాక్‌నెల్‌లోని మన ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. "ఇక్కడ మనం చేసేది నిజమైన పూజేనా? మన తరువాత పిల్లలు దీన్ని నిలబెడతారా?" ఇక్కడ తెల్లవారుజామున గుడి గంట వినిపించదు. మారేడు దళం దొరకదు. పండుగ నాడు బడికీ, ఆఫీసుకూ సెలవు ఉండదు. అయినా ఈ ప్రశ్నకు సమాధానం మన తెలుగువారి చరిత్రలోనే ఉంది. ఈ సంచికలో రెండు ఉదాహరణలు చూసి, వాటిని మన ఇంటికి అన్వయించుకుందాము.

1. తిరుమల రాగిరేకులు

తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) శ్రీ వేంకటేశ్వరునిపై 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని ఒక చిన్న అరలో భద్రపరిచారు. కాలక్రమంలో ఆ అర సంగతి లోకం మరచిపోయింది. 1922లో ఆ రేకులు మళ్లీ వెలుగు చూశాయి. నేడు మనకు లభిస్తున్నవి సుమారు 12 వేల పైచిలుకు కీర్తనలు.

రాగి చెడలేదు, అక్షరం చెరగలేదు. రేకుల మీద రాగం పేరు కూడా ఉంది. కాని ఆ పాటను అన్నమయ్య ఏ వరుసలో పాడారో చెప్పే స్వరం మాత్రం లేదు. కొన్ని కీర్తనలు భజనపరుల నోట నిలిచినా, అత్యధిక భాగానికి పాడే పరంపర తెగిపోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు వాటికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. వారి పుణ్యమా అని ఈనాడు మనం ఆ కీర్తనలు పాడుకోగలుగుతున్నాము.

2. మారిషస్ రామభజన

ఇక రెండవ ఉదాహరణ. 19వ శతాబ్దంలో కోరింగ రేవు నుంచి, ఉత్తర కోస్తా పల్లెల నుంచి ఎందరో తెలుగువారు చెరకు తోటల్లో పని కోసం మారిషస్ దీవికి ఓడలెక్కి వెళ్లారు. వారి దగ్గర రాగిరేకులు లేవు. చాలామందికి చదువు కూడా లేదు. పగలంతా తోటలో చాకిరీ. వారు తమతో తీసుకువెళ్లింది రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పూజ. దీపం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా భజన చేసేవారు. పిల్లలు పెద్దల వెంట తిరుగుతూ నేర్చుకున్నారు.

తరాలు మారి, ఎన్నో ఇళ్లలో మాట్లాడే భాష క్రియోల్ అయింది. అయినా భజన మాత్రం తెలుగులోనే నిలిచింది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి.

3. మనం గ్రహించవలసినది

భద్రపరచడం ఒకటి, కొనసాగించడం మరొకటి. రెండూ కావాలి. అయితే భద్రపరచడానికి ఈ రోజుల్లో మనకు లోటు లేదు. ప్రతి స్తోత్రమూ ఫోన్‌లో ఉంది, ప్రతి వ్రతకథా పుస్తకంలో ఉంది. లోటు ఉన్నది రెండవ దానిలోనే. లలితా సహస్రనామం ఫోన్‌లో మోగుతూ ఉంటే ఇంట్లో అందరూ తమ పనుల్లో ఉంటారు. అది కూడా ఒక విధంగా అరలో ఉన్న రాగిరేకే. ఇల్లంతా కలసి పాడిన ఒక్క చిన్న పాటను మాత్రం పిల్లవాడు ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకువెళతాడు.

తివిడేల్‌లో 2006లో ప్రతిష్ఠ జరిగిన బాలాజీ ఆలయానికి మనలో చాలామంది ఏటా వెళ్లి వస్తూనే ఉంటారు. అది మన భాగ్యం. కాని ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం నిత్య దీపానికి బదులు కాదు.

4. రెండు సందేహాలు – సమాధానాలు

ఇండియా తేదీకే పండుగ చేయాలా? సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరికొకటి. విజయవాడలో ఉదయం 8 గంటలకు ముగిసే తిథి, చలికాలంలో మనకు రాత్రి 2:30కే ముగుస్తుంది. అంటే ఇక్కడ సూర్యోదయానికి తరువాతి తిథి వచ్చేసి ఉంటుంది. కాబట్టి ఊరి నుంచి తెచ్చుకున్న గోడ క్యాలెండర్ కాక, లండన్ సమయానికి గణించిన పంచాంగం చూసుకోవాలి. తేదీ మారినంత మాత్రాన సంప్రదాయం తప్పినట్లు కాదు. మన శాస్త్రం చెప్పేదే అది.

పూజా ద్రవ్యాలు దొరకకపోతే? లేని ఉపచారానికి అక్షతలు సమర్పించడం మన పెద్దలు ఎరిగిన పద్ధతే. ఆకు, పువ్వు, పండు, నీరు, ఏది భక్తితో ఇచ్చినా స్వీకరిస్తానని గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడే మాట ఇచ్చాడు.

5. ఈ కార్తీకంలో ఆచరించదగినవి

• కార్తీకంలో సూర్యోదయానికి ముందు స్నానం విశేషం. మన ఊళ్లలో దానికి నాలుగున్నరకు లేవాలి. నవంబరులో ఇక్కడ సూర్యుడు ఏడింటికి గాని రాడు. పిల్లలు బడికి తయారయ్యే వేళే కార్తీక స్నానం వేళ!

• సాయంత్రం నాలుగు దాటగానే సూర్యాస్తమయం. బడి నుంచి వచ్చిన పిల్లల చేతనే, పెద్దలు పక్కన ఉండి, దీపం పెట్టించండి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవారు వచ్చాక నమస్కరించుకోవచ్చు.

• తులసి ఈ చలికి తట్టుకోదు. కుండీని లోపలికి తెచ్చి, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచండి.

• పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించేవారు స్మోక్ అలారం తీసివేయకండి. గాలి లేని చోట, తోటలో వెలిగించండి.

• ఈ నెలలో ఇంటిల్లిపాదీ ఒక్క పాట కంఠస్థం చేయండి. ఒకటి చాలు. అర్థం ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదు, పాట మాత్రం తెలుగులోనే ఉండనివ్వండి.

పిల్లలతో చర్చించండి

1. రాగిరేకుల మీద ఏమి మిగిలింది? ఏమి మిగలలేదు?
2. చదువు రానివారు మారిషస్‌లో భజనను ఎలా కాపాడారు?
3. అమ్మమ్మ, నాన్నమ్మ పాడే పాటల్లో మన ఇంట్లో ఎవరికీ రానిది ఏది? ఈ ఆదివారం ఫోన్ చేసి అడిగి, వారి వెంట పాడి నేర్చుకోండి.

ఆ మూడవ ప్రశ్నను వాయిదా వేయవద్దని ప్రత్యేక మనవి. మిగిలిన రెండింటికీ సమాధానం పుస్తకాల్లో ఎప్పుడైనా దొరుకుతుంది. దీనికి మాత్రం పెద్దలు ఉన్నప్పుడే దొరుకుతుంది.

శుభం భూయాత్.